దాచే వంతు పిల్లలకివ్వండి

పిల్లల కోసం నిధి వేట ఏర్పాటు చేసే పెద్దవాళ్ళు అందులో అన్నిటికన్నా మంచి పనిని తమ దగ్గరే ఉంచుకుంటారు. తోటంతా తిరిగి చోటు ఎంచుకునేది వాళ్ళే. చీటీలు రాసేది, అవి మరీ కష్టమైపోకుండా చూసేది, చివర్లో వెనకబడిన పిల్లవాడి చెవిలో జవాబు ఊదేది కూడా వాళ్ళే. పిల్లలకు మిగిలేది పరుగెత్తడం. పుట్టినరోజు పార్టీల్లో ఈ తంతు చూస్తూనే ఉంటాను. ఒక చీటీ దొరుకుతుంది, పరుగు. ఇంకో చీటీ, ఇంకో పరుగు. ఆఖరున చాక్లెట్ల సంచి, దాని మీద పడి తోపులాట, ఎవరో ఒకరి ఏడుపు. ఇల్లు చేరాక ఏ చెట్టు దగ్గర ఏం చూశారో అడగండి, ఒక్కరూ చెప్పలేరు. చెట్టును చూడవలసిన పని వాళ్ళకు మనం ఇస్తే కదా!

అందుకే నేను అనేది, కుటుంబమంతా కలిసి ఆరుబయట ఆడే నిధి వేటలో దాచడం పిల్లల పని కావాలి, వెతకడం పెద్దల పని కావాలి. సియాటిల్ పక్క ఊళ్ళో ఉంటూ, ఇద్దరు పిల్లలతో జియోకాషింగ్ అనే ఆటలో కొన్నేళ్ళుగా అడవులు పట్టుకు తిరిగాక కుదిరిన అభిప్రాయం ఇది. మా ఆయన దీన్ని ఒప్పుకోరు. ఆయన సంగతికి తర్వాత వస్తాను.

ఆట తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. ఎవరో ఒకరు ఒక డబ్బాను ఆరుబయట దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను వెబ్‌సైటులో పెడతారు. మనం ఆ అంకెలను ఫోనులోనో జీపీఎస్ పరికరంలోనో వేసుకుని వెళ్ళి వెతుకుతాం. దొరికితే లోపలున్న పుస్తకంలో పేరు, తేదీ రాసి, డబ్బాను మళ్ళీ అక్కడే, అలాగే పెట్టి వస్తాం. డబ్బా కాస్త పెద్దదైతే పిల్లలకు నచ్చే చిల్లర వస్తువులుంటాయి. ఒకటి తీసుకుంటే దానికి తగ్గనిది ఒకటి పెట్టాలి. ప్రపంచం మొత్తం మీద ఇలాంటివి ఇప్పుడు 30 లక్షలకు పైగా ఉన్నాయి, 190కి పైగా దేశాల్లో.

ఈ ఆటకు పుట్టిన తేదీ ఉంది. జీపీఎస్ ఉపగ్రహాలు అమెరికా సైన్యానివి. వాటి నుంచి మామూలు జనానికి అందే సంకేతంలో 2000 సంవత్సరం దాకా కావాలనే కొంత తేడా కలిపేవారు. దానివల్ల మనం ఎక్కడున్నామన్నది 100 మీటర్ల అటూ ఇటూగా తెలిసేది. నడిసముద్రంలో ఓడకు అది చాలు, అడవిలో డబ్బా వెతకడానికి చాలదు. అధ్యక్షుడు క్లింటన్ ఆదేశంతో మే 1 అర్ధరాత్రి ఆ తేడా కలపడం ఆపేశారు. తెల్లవారేసరికి జనం చేతుల్లోని అవే పరికరాలు పది రెట్లు ఖచ్చితంగా పనిచేయడం మొదలుపెట్టాయి. మే 3న ఆరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ అనే ఊరి దగ్గర అడవిలో డేవ్ ఉల్మర్ అనే కంప్యూటర్ నిపుణుడు ఒక నల్ల ప్లాస్టిక్ బకెట్టు పెట్టి, దాని స్థానాన్ని ఇంటర్నెట్‌లో ఒక చర్చాబృందానికి రాశాడు. అందులో కొన్ని పుస్తకాలు, వీడియోలు, ఒక ఉండేలు, ఒక చిక్కుడు గింజల డబ్బా ఉన్నాయి. కొంత తీసుకోండి, కొంత పెట్టండి, పుస్తకంలో రాయండి అన్నది ఆయన పెట్టిన నియమం. మూడు రోజుల్లోపే ఇద్దరు దాన్ని కనుక్కున్నారు.

ఆ తర్వాత జరిగిందే నాకు ముఖ్యం. వారం తిరగకముందే, ఆ కబురు చదివినవాళ్ళు తామూ దాచడం మొదలుపెట్టారు. కనుక్కున్న ఆనందం మనిషిని దాచడానికి తోస్తుంది, ఇది ఆట మొదటి వారం నుంచీ ఉన్నదే. అదే సంవత్సరం సెప్టెంబరు 2న జెరెమీ ఐరిష్ అనే ఆయన ఇక్కడి సియాటిల్ ప్రాంతం నుంచి వెబ్‌సైటు తెరిచినప్పుడు అందులో ఉన్నవి 75 డబ్బాలు. ఎవరూ జీతమిచ్చి పెట్టించని డబ్బాలు 75 నుంచి 30 లక్షలయ్యాయంటే, దాచాలన్న కోరిక ఎంత బలమైనదో చూడండి. దాన్ని పిల్లలకు దక్కనివ్వకుండా మనమే అనుభవించడం ఏం న్యాయం?

వెతకడాన్ని తక్కువ చేయడం లేదు. ఈ ప్రాంతపు అడవిలో వెతకడం మంచి కసరత్తు. అక్టోబరు నుంచి వసంతం దాకా వానే. డగ్లస్ ఫర్, సీడర్ చెట్లు ఆకాశాన్ని మూసేస్తాయి, నేలంతా నడుం ఎత్తు ఫెర్న్ పొదలు, పడిపోయిన మానుల మీద నాచు, ఆ నాచు మీద వరసగా మొలిచిన పిల్లచెట్లు. ఆకుల కింద ఉపగ్రహ సంకేతం సరిగ్గా అందదు. ఫోనులోని బాణం గుర్తు పది పదిహేను మీటర్లు అటు లాగి, ఇటు లాగి, చివరికి వచ్చిన దారి వైపే తిరుగుతుంది. అక్కడితో ఫోను జేబులో పెట్టేయడం మా ఇంటి పద్ధతి. ఈ ఆటను ఎగతాళి చేసేవాళ్ళు పిల్లలు అడవిలోనూ తెర చూస్తున్నారంటారు. ఆఖరి పది మీటర్లు ఎప్పుడూ చూడలేదు కాబట్టి అంటారు. అక్కడ పనికొచ్చేది కన్నే. ఈ కర్రముక్కలు ఇంత పొందికగా ఎందుకు పడ్డాయి, ఈ బెరడు ముక్క ఈ చెట్టుదేనా, చుట్టూ నాచు పచ్చగా ఉంటే ఇక్కడొక్కచోటే ఎందుకు అరిగింది? తాకితే దద్దుర్లు లేచే నెటిల్ మొక్కను గుర్తుపట్టడం మా చిన్నవాడు పుస్తకంలో చదివి నేర్చుకోలేదు.

ఇక్కడి అడవుల్లో ఒక చిత్రమైన దృశ్యం ఉంది. మనిషి కన్నా ఎత్తయిన పాత సీడర్ మొద్దులు, వాటికి ఇరువైపులా రెండు కళ్ళలాంటి గాట్లు. మొదటిసారి చూసిన పిల్లలు దెయ్యం ముఖం అనుకుంటారు. నూరేళ్ళ కిందట ఈ చెట్లు కొట్టిన కూలీలు ఆ గాట్లలో పలకలు దూర్చి, వాటి మీద నిలబడి రంపం లాగేవారు, ఎందుకంటే చెట్టు మొదలు బాగా వెడల్పుగా, జిగురుతో ఉండి కోతకు లొంగేది కాదు. ఒకసారి అలాంటి మొద్దు వెనక సైనికులు తూటాలు పెట్టుకునే ఇనపపెట్టె ఒకటి దొరికింది. పాత జియోకాషర్లకు ఆ పెట్టెలంటే ప్రాణం, రబ్బరు అంచు గట్టిగా పట్టి చుక్క నీరు లోపలికి పోనివ్వవు. మూత తీస్తే తుప్పు వాసన, లోపల జిప్పు సంచిలో స్పైరల్ పుస్తకం, అరిగిపోయిన పెన్సిల్, ప్లాస్టిక్ డైనోసార్లు, ఎవరో వదిలిన కెనడా నాణెం. పుస్తకం నిండా చేతిరాతలు. 'వాన. కుక్క ముందు కనిపెట్టింది' అని ఒకరు. 'నాకు ఐదేళ్ళు' అని తలకిందుల అక్షరాలతో ఇంకొకరు. మా పెద్దమ్మాయి డైనోసార్ల వైపు చూడనే లేదు. పుస్తకం మొదటి పుట దాకా వెనక్కి తిప్పి, "అమ్మా, దీన్ని పెట్టినవాళ్ళు ఎవరు? ఈ మొద్దే ఎందుకు ఎంచుకున్నారు?" అంది.

చూశారా, అది దాచేవాళ్ళ ప్రశ్న.

ఇక మా ఆయన. ఆయనకు లెక్క కావాలి. ఒక్కో డబ్బా దొరికినప్పుడల్లా పటం మీద ఒక నవ్వు ముఖం పడుతుంది. ఆ నవ్వు ముఖాలు పెరుగుతుంటే ఆయనకు కడుపు నిండుతుంది. పాపం ఆయన ఒక్కరే కాదు, ఈ ఆటలో సగం జనం అంతే. నెవాడా ఎడారిలో ఒక రహదారి పొడవునా 161 మీటర్లకొకటి చొప్పున వెయ్యికి పైగా డబ్బాలు వరసగా పెట్టారు. జనం కారు ఆపడం, దిగడం, సంతకం, ఎక్కడం. కొందరు సంతకం చేసే సమయం కూడా మిగుల్చుకోవడానికి ఒక డబ్బా తీసి కారులో వేసుకుని, దానిలో సంతకం చేస్తూ తర్వాతి చోట దించి, అక్కడిది తీసుకుపోతారు. అది ఎడారిలో గుమాస్తా పని. పిల్లలకు మాత్రం దాన్ని అంటించవద్దని నా మనవి. మా వైపు స్నోక్వాల్మీ కనుమ దగ్గర పాత రైలు సొరంగం ఒకటి ఉంది, 3.6 కిలోమీటర్లు, ఇప్పుడు కాలిబాట. టార్చిలైటు పట్టుకుని, వేసవిలోనూ స్వెట్టరు వేసుకుని, చీకట్లో అంత దూరం నడిచి ఆవల ఉన్న ఒక్క డబ్బా కోసం వెళ్ళివచ్చిన రోజును మా పిల్లలు ఇప్పటికీ చెప్పుకుంటారు. పటం మీద దానికి పడేదీ ఒకే నవ్వు ముఖం. (చలికాలం ఆ సొరంగం మూసి ఉంటుంది, నవంబరులో వెళ్ళి తలుపు చూసి రాకండి.)

ఆ మొద్దు వెనక పెట్టె చూసినప్పటి నుంచీ పెద్దమ్మాయి తనూ ఒకటి పెడతానని పట్టుబట్టింది. పట్టుబట్టాక తెలిసింది, వెతకడంలో లేని చదువు ఇందులో ఎంత ఉందో.

మొట్టమొదటిది చోటు. తనకు ఆ కళ్ళున్న మొద్దు లాంటిదే కావాలి, గాటులోనే పెట్టాలి. సరే, అడవికి వెళ్ళి చూసింది. గాటు ఎత్తులో ఉంది. పిల్లలు ఎక్కుతారు, పుచ్చిన సీడర్ బెరడు వాళ్ళ కాళ్ళ కింద ఊడుతుంది. పైగా వచ్చిన ప్రతివాడూ ముందు చూసేది అక్కడే. రెండో చోటు ముచ్చటగా ఉంది, కాని దారి నుంచి అక్కడికి చేరాలంటే ఫెర్న్ పొదలు తొక్కాలి. పదిమంది వచ్చి వెళితే కొత్త దారి పడుతుంది, ఇరవైమందికి నాచు పోతుంది. మూడో చోటు దారి పక్కనే, కాని బెంచీ ఎదుట. బెంచీ మీద కూర్చున్నవాళ్ళ కళ్ళ ముందే జనం పొదలో చేతులు పెడతారు. ఇంతకాలం 'అడవి' అని ఒక్క ముద్దగా చూసిన పిల్ల, ఆ వారాల్లో ఎక్కడ నీరు నిలుస్తుంది, ఎక్కడ కుక్కలతో వచ్చేవాళ్ళు ఆగుతారు, ఏ చెట్టు వేరు కింద ఎప్పుడూ పొడిగా ఉంటుంది అని చూడటం మొదలుపెట్టింది. చివరికి ఎంచుకున్న చోటు చెప్పను. చెబితే నాకు ఇంట్లో అన్నం పుట్టదు.

తర్వాత డబ్బాలోకి ఏం పెట్టాలి అన్నది. తినేవి కూడదు, వాసన వచ్చేవీ కూడదు. సబ్బు ముక్క పెట్టినా రకూన్లనే అడవి జంతువులు రాత్రికి రాత్రి డబ్బా కొరికేస్తాయి. ఆ లెక్కన ఉల్మర్ గారి బకెట్టుకు ఈరోజు అనుమతి దొరకదు. అందులో చిక్కుడు గింజలున్నాయి, పైగా దాన్ని సగం నేలలో పాతాడు, ఇప్పుడు స్థలం యజమాని ప్రత్యేకంగా ఒప్పుకోనిదే గొయ్యి తీయకూడదు. మా ఇంట్లో ఉన్న కొండపల్లి బొమ్మ పెడదామనుకుంది, పొణికి చెక్క ఇక్కడి చెమ్మకు నెలలో ఉబ్బిపోతుందని మానుకుంది. గోళీలు, ఐదు రూపాయల బిళ్ళలు పెట్టింది, వాటిని వాన ఏమీ చేయలేదు. పెన్ను వద్దు, పెన్సిలే. చెమ్మ పట్టిన కాగితం మీద పెన్ను రాయదు. కాగితం కూడా వానకు తట్టుకునేది కావాలి. అలాంటిది ఇక్కడికి దగ్గరలో టకోమాలోనే తయారవుతుంది.

అంకెలు తీసుకోవడం ఇంకో సరదా. ఒకసారి ఫోను తీసి చూస్తే సరిపోదు, వేర్వేరు రోజుల్లో వెళ్ళి చూసి సగటు కట్టాలి. ఈ ఆటలో స్థానాన్ని డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో వెయ్యో వంతులుగా రాస్తారు. అక్షాంశంలో ఒక నిమిషం 1852 మీటర్లు, అంటే వెయ్యో వంతు 1.85 మీటర్లు. మరి రేఖాంశంలో? ఉత్తరానికి పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గర పడతాయి కదా. మా ఊరి దగ్గర రేఖాంశంలో వెయ్యో వంతు నిమిషం 1.25 మీటర్లే. వాళ్ళ తాతయ్య ఉండే కరీంనగర్‌లో అదే 1.76 మీటర్లు. "అయితే తాతయ్య ఊళ్ళో పక్కకు నడిస్తే అంకెలు నెమ్మదిగా మారతాయా?" అని అడిగింది. అవును, మారతాయి. భూమి గుండ్రంగా ఉందని బడిలో చెప్పింది వేరు, ఒక డబ్బాను సరైన చెట్టు కింద చూపించడం కోసం ఆ గుండ్రాన్ని లెక్కలోకి తీసుకోవడం వేరు.

ఒక డబ్బాకు ఇంకో డబ్బాకు మధ్య కనీసం 161 మీటర్లు, అంటే మైలులో పదోవంతు, దూరం ఉండాలి. పటంలో చూసుకునే పెట్టింది. అయినా పరిశీలకుల నుంచి తిరిగొచ్చింది. ఈ పరిశీలకులు జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలు, వాళ్ళు ఒప్పుకుంటేనే డబ్బా పటంలోకి ఎక్కుతుంది. కొన్ని వేటల్లో ఒక డబ్బా రెండోదానికి, రెండోది మూడోదానికి దారి చూపుతుంది, ఆ మధ్యలోవి పటంలో కనిపించవు. అలాంటిదొకటి దగ్గర్లో ఉందన్నమాట. కాబట్టి మళ్ళీ చోటు వెతకడం, మళ్ళీ సగటు కట్టడం. రెండు రోజులు అలిగింది. మూడో రోజు బూట్లు తొడుక్కుంది.

చివరికి కష్టాన్ని సూచించే అంకెలు వేయాలి, వెతకడానికి ఒకటి, దారికి ఒకటి, 1 నుంచి 5 దాకా. దారికి 1 అంటే చక్రాల కుర్చీలో వచ్చేవారూ చేరగలగాలి. "తాతయ్య మోకాళ్ళతో ఇక్కడికి రాగలరా?" అని తనంతట తానే అడిగి, దిగువ దారిలో ఒకచోట వేళ్ళు అడ్డుపడతాయని 2 వేసింది. వెతికే పిల్ల తన కాళ్ళ గురించే ఆలోచిస్తుంది. ఇంకొకరి మోకాళ్ళు గుర్తుకు రావాలంటే దాచాలి.

ఆ తాతయ్య, అంటే మా నాన్నగారు, వేసవిలో వచ్చినప్పుడు అన్నీ విని అడిగిన మొదటి మాట: "ఇది ఎవరి స్థలం? అడిగే పెట్టారా?"

అడిగాం. పార్కువాళ్ళ అనుమతి లేకుండా పరిశీలకులు ఒప్పుకోరు. కాని ఆయన అలా అడగడానికి కారణం వేరే ఉంది. మన దగ్గర నిధి వెతకడమంటే పలుగూ పారా. పాత గుడి వెనక అమావాస్య రాత్రి గొయ్యి, పసుపు కుంకుమ నిమ్మకాయలు, పెకలించిన నంది, తెల్లారి గుప్తనిధుల ముఠా అరెస్టు. ఈ వార్త లేని నెల తెలుగు పత్రికల్లో ఉండదు. ఎవరో దాచారన్న పుకారుకు కాకతీయుల కాలం గుళ్ళు బద్దలవుతున్నాయి. భూమిలో దాగి ఉన్న సొత్తు దొరికితే, దాని విలువ పది రూపాయలు దాటిందా, కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టమే చెబుతోంది. మనవాళ్ళు దాన్ని ఎంత పాటిస్తున్నారో ఆ నందుల్ని అడగాలి. ఈ ఆటలో స్థలం యజమాని ఒప్పుకోనిదే నేలలో గొయ్యి తీయకూడదన్న నియమం చెబితే నాన్నగారు తల పంకించి, "మరి దొరికింది మళ్ళీ అక్కడే పెట్టాలా? అయితే ఇది మనవాళ్ళకు ఎక్కదు" అన్నారు. మనవరాలు ఊరుకోలేదు. "ఎక్కుతుంది తాతయ్యా, మీరు ముందు వెతకండి" అంది. ఆయన చాలాసేపు వెతికారు. వెతుకుతూ ఫెర్న్ ఆకుల వెనక బొడిపెలు, నేల మీద పాకే అరటిపండంత పసుపుపచ్చ స్లగ్ (గుల్ల లేని నత్త) చూశారు. డబ్బా మాత్రం ఆయనకు కనిపించలేదు. ఆమె పొంగిపోయింది. ఒక పిల్ల దాచినదాన్ని డెబ్బై ఏళ్ళ పెద్దమనిషి కనుక్కోలేకపోవడంలో ఉన్న గౌరవాన్ని ఏ చాక్లెట్ల సంచి ఇవ్వగలదో చెప్పండి.

ఒక అభ్యంతరం మాత్రం గట్టిది, దాన్ని దాటవేయను. అడవిలో ప్లాస్టిక్ డబ్బా వదలడం చెత్త వేయడం కాదా? యజమాని పట్టించుకోకపోతే కచ్చితంగా చెత్తే. మూత విరిగి, పుస్తకం గుజ్జయి, బొమ్మలు బూజుపట్టిన డబ్బాలు చాలా చూశాం. ఫొటో రీలు డబ్బీల్లో పెట్టినవైతే మొదటి వానకే తడిసిపోతాయి. పేరున్న డబ్బా చుట్టూ నేల అరిగి బట్టతల పడుతుంది. అమెరికా జాతీయ ఉద్యానవనాల్లో ఇలాంటి డబ్బాలు వదలడానికి సాధారణంగా ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే సరి. అందుకే 2004లో అమెరికా భూగర్భశాస్త్ర సంఘంతో కలిసి ఎర్త్‌కాష్ అనేది మొదలుపెట్టారు. అక్కడ డబ్బా ఉండదు. స్థలానికి వెళ్ళి, రాతినో నేలనో పరిశీలించి, పెట్టినవారు అడిగిన ప్రశ్నలకు జవాబు పంపాలి. 2002 నుంచి వేటకు వెళ్ళినవాళ్ళు చెత్త ఏరుకుని రావడమనే కార్యక్రమమూ నడుస్తోంది.

కాని ఈ అభ్యంతరం నా వాదనకే బలమిస్తుందని నేననుకుంటాను. దొరికించుకున్నవాడి బాధ్యత ఐదు నిమిషాల్లో తీరిపోతుంది. దాచినవాడి బాధ్యత తీరదు. మా అమ్మాయి తన డబ్బా గురించి ఎవరైనా 'పుస్తకం తడిసింది' అని రాస్తే ఆ వారాంతంలోనే వెళ్ళాలి. ఆట చాలనుకున్న రోజు పటంలోంచి తీసేయడమే కాదు, డబ్బాను ఇంటికి తెచ్చుకోవాలి. తుఫాను గాలి వీచిన మర్నాడు తన చెట్టు ఉందో లేదో అని ఆలోచించే పిల్ల అడవిలో చిప్స్ సంచి పారేయదు. పర్యావరణం గురించి బడిలో వేసే పోస్టర్ల మీద నాకంత నమ్మకం లేదు. ఒక్క చెట్టు బాగోగులు చూసే పని మీద ఉంది.

ఉపగ్రహాలు కూడా తప్పనిసరి కావు. ఇంగ్లండులో డార్ట్‌మూర్ అనే బీడు ప్రాంతంలో 1854లో జేమ్స్ పెరట్ అనే దారిచూపరి, క్రాన్మియర్ పూల్ అనే మారుమూల చోట ఒక గాజు సీసా పెట్టాడు. అక్కడిదాకా నడిచినవాళ్ళు తమ పేరు చీటీ అందులో వేసి వెళ్ళేవారు. అదే పెరిగి పెరిగి లెటర్‌బాక్సింగ్ అనే ఆటయింది. ఇప్పుడు ప్రతి పెట్టెలో ఒక రబ్బరు ముద్ర ఉంటుంది. వెళ్ళినవాళ్ళు తమ పుస్తకంలో పెట్టె ముద్ర, పెట్టెలోని పుస్తకంలో తమ ముద్ర వేస్తారు. పిల్లలు పెన్సిల్ చెరిపే రబ్బరును చెక్కి సొంత ముద్ర చేసుకోవచ్చు. మా చిన్నవాడిది తాబేలు, చూసినవాళ్ళు బంగాళాదుంప అంటారు.

ఇంటివైపు వస్తే, ఇదంతా తెలుగునాట ఎలా? డబ్బా పెట్టడం మానుకోండి, అంతే. బస్టాండుల్లో, రైల్వే స్టేషన్లలో అనుమానాస్పద వస్తువు కనిపిస్తే తాకవద్దని మైకుల్లో చెబుతుంటారు. అలాంటి చోట పొదలో మూత బిగించిన ఇనపపెట్టె పెడితే వెతకడానికి పిల్లలకన్నా ముందు బాంబు స్క్వాడ్ వస్తుంది. ఇంగ్లండులోనే 2011లో వెదర్బీ అనే ఊళ్ళో ఇలాంటి డబ్బా చూసి వీధి ఖాళీ చేయించారు. మనకు డబ్బాలతో పనేమిటి? హైదరాబాదు చుట్టూ 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు రాళ్ళు ఒకదాని మీద ఒకటి నిలబడి ఉన్నాయి. వాటిని కాపాడాలని పనిచేసే సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు జనాన్ని వాటి మధ్యకు నడిపిస్తుంటారు. నగర శివార్లలో ఒక రిసార్టు పిల్లలకు నిధి వేట ప్యాకేజీ అని డబ్బు పుచ్చుకుని, తీరా ప్లాస్టిక్ పుట్టగొడుగుల మధ్య చీటీలు పెట్టడం చూసి వచ్చాను. గోడ అవతల నిజం రాళ్ళ గుట్ట ఉంది. పిల్లలు అటు పోకుండా ఒక కాపలాదారు!

కిందటి డిసెంబరులో వెళ్ళినప్పుడు కరీంనగర్ జిల్లా కురిక్యాలలోని బొమ్మలగుట్టకు అందరం వెళ్ళాం. బండ మీద జైన దేవత చక్రేశ్వరి, తీర్థంకరుల శిల్పాలు, వాటి కింద జినవల్లభుడు వేయించిన పదో శతాబ్దపు శాసనం. కన్నడ ఆదికవి పంపనికి తమ్ముడీయన. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఒకే బండ మీద ఉన్నాయి. చివర్లో తెలుగు కంద పద్యాలు, నన్నయ్యకు నూరేళ్ళ ముందువి. ప్రశ్నలు తయారుచేసే పని పిల్లలకిచ్చి, పెద్దవాళ్ళను గుట్ట కింద కూర్చోబెట్టాం. గంట తర్వాత చీటీలు దిగాయి. 'చక్రేశ్వరికి చేతులెన్ని? ఒక్క చేతిలో ఏముందో గీయండి.' 'శాసనంలో ఎన్ని పంక్తులు? వేలితో తాకకుండా లెక్కపెట్టాలి.' తాకకుండా అన్న షరతు ఎవరూ చెప్పకుండానే మా తమ్ముడి కొడుకు రాశాడు. అక్షరాలు అరిగిపోతాయట. జవాబులు ఇక్కడ రాయను, వెళ్ళి లెక్కపెట్టుకోండి. మేం ఎక్కి తప్పులు చెప్పి దిగాం. తెలుగు చదవడం కూడబలుక్కునే మా పెద్దమ్మాయి, ఆ పాత లిపిలో ఒక్క అక్షరమైనా పోల్చుకోవాలని బండ ముందు చతికిలబడి కూర్చుంది. ప్రశ్న అడగాలంటే జవాబు తనకు తెలియాలి కదా, అదీ ఒత్తిడి.

ఆ సాయంత్రం ఇంట్లో మళ్ళీ వాదన. బహుమతులు లేకపోతే పిల్లలకు హుషారు ఉండదని మా ఆయనా మా తమ్ముడూ కలిసి బజారు నుంచి చాక్లెట్లు తెచ్చారు. మా అమ్మ అదేమీ పట్టించుకోకుండా, పక్కింటి కట్టుబడికి పోసిన ఇసుక దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్ళి పుల్లాట నేర్పింది. ఇసుకను మూరెడు పొడవు గట్టులా పోసి, అందులో చిన్న పుల్లను అటూ ఇటూ జరుపుతూ ఎక్కడో దాస్తారు. ఎదుటివాళ్ళు రెండు చేతులూ కలిపి, పుల్ల ఎక్కడుందనుకుంటే అక్కడ మూస్తారు. పుల్ల చేతుల కింద ఉంటే దాచే వంతు వాళ్ళది. లేకపోతే దోసిట్లో ఇసుక పోసి, దానిలో పుల్ల గుచ్చి, కళ్ళు మూసి ఇల్లంతా తిప్పి, ఎక్కడో కుప్ప పోయించి వెనక్కి తెస్తారు. ఆ కుప్ప ఎక్కడో వాళ్ళే కనుక్కోవాలి. గెలిస్తే దక్కేది దాచే వంతు, అంతకు మించి ఏమీ లేదు.

చాక్లెట్లు వరండాలో అలాగే ఉన్నాయి. వంతు తనదంటే తనదని మా చిన్నవాడూ తమ్ముడి కొడుకూ అన్నాలకు పిలిచేదాకా కొట్టుకున్నారు. తగవు తీర్చడానికి వెళ్ళిన మా ఆయన తిరిగి రాలేదని చూస్తే, కళ్ళకు తువ్వాలు కట్టుకుని, దోసిట్లో ఇసుకతో, పెరట్లో బావి వైపు నడుస్తున్నారు. పక్కన మా అమ్మాయి, "ఎడమకు నాన్నా, ఇంకా ఎడమకు" అని దారి తప్పిస్తోంది.